రాజవ్వ వాకిట్లో తోలుగుడ్లు

తెల్లారి కోళ్లగూడు తలుపు తీసి, గుప్పెడు నూకలు చల్లి, ఒక్కోదాన్ని పేరుపెట్టి పిలిచి తిట్టనిదే రాజవ్వ చాయ్ తాగదు. అప్పటికే మొగుడు బుచ్చిరాములు మగ్గం గుంటలో దిగి జంపఖానా నేస్తుంటాడు. మగ్గం మీది కూలి బియ్యానికి సరిపోతే, కూరానారకు ఆ పదకొండు కోళ్లే దిక్కు. గుడ్లు స్టేషన్ రోడ్డు హోటలుకు పోయేవి. కానీ పొద్దుగూకే ముందు గడపలో కూర్చుని, వాటి తగవులు చూసి నవ్వుకునేది చూడండి, అది మాత్రం పొట్ట కోసం కాదు. స్కైలాబు నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లే కోళ్లను కోసుకు తిన్న ఆ ఏడు కూడా ఆమె ఒక్కదాని మీద కత్తి పడనియ్యలేదు.

ఆ వాకిట్లో ఎవరన్నా అబద్ధమాడితే మర్నాడు తోలుగుడ్డు పడుతుంది, పెంకు లేకుండా, ఉత్త పొరతో. కొత్తవాడ అంతటికీ తెలిసిందే. అందుకే బేరగాళ్లు రోడ్డు మీదే నిలబడి "మొన్న సగం ధరకే కొన్న" అనేసి, ఆ తర్వాతే లోపలికి వచ్చేవాళ్లు.

ఆ దసరా దాటాక రోజూ తోలుగుడ్లే. "ఇట్లైతె వేరే కాడ చూసుకుంట" అన్నాడు హోటలాయన. రాజవ్వ ముందు మేతలో లోపమనుకుంది. సున్నం కలిపింది, నత్తగుల్లలు దంచి పెట్టింది. ఊహూ. అప్పుడు పక్కింటి భద్రమ్మ మీద అనుమానం పడింది.

"నిన్న నా వాకిట్ల ఏమన్నవే?"

"ఏమంటనక్కా! నీ చింతకాయ తొక్కు మంచిగున్నదన్న, గంతే."

"అగో! దొరికినవ్!"

పాపం, భద్రమ్మను వారం రోజులు గడప తొక్కనియ్యలేదు. గుడ్లు మాత్రం మారలేదు.

ఇక లాభం లేదని ఓ రోజు వాకిలి తలుపేసి, చెవులు రిక్కించి కూర్చుంది. పురుగు కూడా రాలేదు. మధ్యాహ్నం మగ్గం వైపు తిరిగి, రోజూ అడిగినట్టే తనే అడిగింది.

"దగ్గు తగ్గిందా అయ్యా?"

"తగ్గింది. మంచిగున్న," అన్నాడు బుచ్చిరాములు నేత ఆపకుండానే.

తెల్లారి గుడ్డు అరచేతిలో మెత్తగా దిగబడింది. రాజవ్వ పోయి దాన్ని మగ్గం ముందు పెట్టింది. బుచ్చిరాములు గుడ్డును చూశాడు, పెళ్లాన్ని చూశాడు. కూర్చున్న గోనెపట్టా కింది నుంచి తువ్వాల తీసిచ్చాడు. మడతల నిండా నెత్తురు.

"ఎన్నొద్దులాయె?"

"బతుకమ్మ పండుగ సంది."

"చెప్పకపోతివి!"

"చెప్తె కోళ్లనమ్మి నన్ను దవాఖానల సుట్టు తిప్పుతవు. పొద్దంత పనేనాయె. వాటి కాడ కూసున్నప్పుడే గదనే నువ్వు నవ్వేది."

"నీ నోట్ల మన్నువడ! నువ్వు లేకుంటె నేను నవ్వుతనా?" అని తిట్టి, వలవలా ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని రిక్షా పిలిచింది.

పెద్ద దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూశాడు. "టీబీ. ఇంకో రెండు నెలలైతే నా చేతుల లేకుండె. ఈయన చెప్పేటోని లెక్క లేడు. ఎవరు పట్టిన్రమ్మా?"

"కోళ్లు పట్టినయి సారూ."

ఆయన "ఊఁ" అని తలూపి చీటీ రాయసాగాడు. "సూదులు తప్పకుండ ఏయించు. రోజుకు రెండు గుడ్లు పెట్టు. కోళ్లనైతే అమ్మకు."

బుచ్చిరాములు ఇంకా పందొమ్మిదేళ్లు బతికాడు. మనవరాలిని భుజానెక్కించుకుని, ఎక్కడా ఆగకుండా, పద్మాక్షి గుట్ట మెట్లన్నీ ఎక్కాడు.