ఫైలు తూకం

పంజగుట్ట సిగ్నల్ దగ్గర బస్సు ఆగినచోటే ఆగిపోతే, దిగి మిగతా దూరం నడిచి ఆఫీసుకు రావడం మంజూషకు అలవాటు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉంటుంది నీడపట్టు సేవా సమితి. ముసలివాళ్ళను పగటిపూట చూసుకునే కేంద్రాలు మూడు, పనిచేసేవాళ్ళు ముప్ఫై ఒక్కరు, వాళ్ళకొక యూనియన్, అందరికీ కలిపి ఒక హెచ్.ఆర్. ఆ హెచ్.ఆర్. మంజూషే. పొద్దున వచ్చి కుర్చీలో కూర్చునేసరికే ఆమెకు సాయంత్రమైనట్టుండేది. సెలవు చీటీలు, షిఫ్టు గొడవలు, సంజాయిషీ నోటీసులు, వాటికి యూనియన్ జవాబులు, ఆ జవాబులకు మళ్ళీ జవాబులు. సేవా సంస్థ అంటే అందరూ ప్రేమగా పనిచేసుకుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. అనుకోనివ్వండి, పాపం.

అక్కడ ఎవరు చేసిన చాకిరీ వాళ్ళ ఫైలుకు బరువై చేరుతుంది. లోపల కాగితాలు ఎన్నున్నాయన్న దానితో సంబంధం లేదు. ఇరవై ఏళ్ళుగా కదల్లేనివాళ్ళకు స్నానాలు చేయిస్తున్న స్వరాజ్యం ఫైలు పది కిలోలు. దాన్ని కింది అరలోనే పెడతారు. ఏడాదికి అరకిలో లెక్క. సర్వీసు మీద పేచీ వస్తే ఇరుపక్షాల ఎదుట ఫైలు తూచాలనీ, తూకమే చివరి మాటనీ యూనియన్ ఒప్పందంలో రాసుకున్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా దీని గురించి అడగరు. వాళ్ళ ఆఫీసుల్లోనూ అరలు వంగే ఉంటాయి.

ఆ జూన్‌లో ఒక దాత చేతులెత్తేశాడు. ఒక ఉద్యోగం తీసెయ్యక తప్పదని కార్యదర్శి హనుమత్ప్రసాద్ గారు తేల్చారు. ఒప్పందం ప్రకారం ఆఖర్న చేరినవాళ్ళు ముందు వెళ్ళాలి. జాబితాలో ఆఖరి పేరు సుష్మిత. చేరి నాలుగు నెలలు.

"లెటర్ టైప్ చేసెయ్యమ్మా," అన్నారాయన.

"అంతకుముందు ఆరేళ్ళు వాలంటీర్‌గా చేసిందండి. పని మాత్రం అందరితో సమానంగానే చేసింది."

"వాలంటీర్ అంటే ఉద్యోగి కాదు కదమ్మా. ఆ వాలంటీర్ లెటర్లు ఇచ్చింది నువ్వేగా."

నిజమే. తను వచ్చిన దగ్గర్నుంచి ఆర్నెల్లకొకటి చొప్పున నాలుగు లెటర్ల మీద సంతకం పెట్టింది. మంజూషకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా లెటర్ టైప్ చేసింది.

సుష్మిత వచ్చి నిలబడే చదువుకుంది. "మా అమ్మకు నేనొక్కదాన్నే మేడం. గీ పని పోతే యూసుఫ్‌గూడల రూమ్ సుత ఖాళీ చెయ్యాలె," అంది. గొంతు పెంచలేదు. అదే మంజూషకు ఎక్కువ కష్టమనిపించింది.

నకలు ఫైల్లో పెడదామని అరలోంచి సుష్మిత ఫైలు లాగింది. ఒక చేత్తో రాలేదు. నాలుగు నెలల ఫైలును ఎవరు తూస్తారు? ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. ఆమె ఫోన్ తీసి యూనియన్ ప్రెసిడెంట్ ఐలయ్యకు చేసింది.

ఐలయ్య యూసుఫ్‌గూడ కేంద్రంలో వంటమనిషి. బియ్యం తూచే కాటాను ఆటోలో వేసుకొచ్చి, రెండంతస్తులు మోసి, కార్యదర్శి బల్ల మీద పెట్టాడు. ఫైలు కాటా ఎక్కింది.

"మూడు కిలోల నూట డెబ్బై," అన్నాడు ఐలయ్య. "ఆరేండ్లు దాటింది సార్. మేం సుత అడగలే ఇన్నేండ్లు. వాలంటీర్ అంటే మెంబర్ కాదని ఊకున్నం."

హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తూకం తూకమే. మరి ఈ అమ్మాయి కాకపోతే ఎవరు?"

"డ్రైవర్ ప్రవీణ్ సార్. మూడేండ్లాయె." ఐలయ్య నేల చూస్తూ చెప్పాడు.

"నా తర్వాతే ప్రవీణ్ వంతు," అంది మంజూష. "నాకు రెండున్నరేళ్ళే."

"మేనేజ్‌మెంటోళ్ళు లిస్టుల రారు మేడం."

ఆమె ఒప్పందం తీసి చూపించింది. పోయిన ఏడాది పదకొండో విడత చర్చలు ముగిశాక దాన్ని టైప్ చేసింది ఆమే. కళ్ళు మూతలు పడుతుంటే 'సిబ్బంది అందరూ' అని కొట్టి, 'హెచ్.ఆర్. మినహా' అన్న ముక్క మర్చిపోయింది. రెండు పక్షాలూ అంతే అలసిపోయి, చదవకుండానే సంతకాలు చేశాయి.

"దానిదేముంది, ఇప్పుడు కలుపుకుందాం," అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"కలిపితే ప్రవీణ్ పోతాడండి."

కింద నుంచి పాఠం చెప్పే గొంతు మైకులో వినిపిస్తోంది.

"నాది కూడా తూచండి," అంది మంజూష. తన ఫైలు ఆమె ఎప్పుడూ ఎత్తి చూడలేదు. అందులో బరువంటూ ఏమీ ఉండదని ఆమె భయం. ఇన్నాళ్ళూ తను చేసిందల్లా కాగితాలు ఇవ్వడమే కదా.

ఐలయ్య తూచాడు. వంగి, మళ్ళీ చూశాడు. "కిలో పావు. సరిగ్గ రెండున్నరేండ్లు," అని, తలెత్తి, "గిది సుత చాకిరే మేడం," అన్నాడు.

మంజూష కాటా మీది అంకె తనే వంగి చూసుకుంది.

"నువ్వు వెళ్ళిపోతే ఈ పనంతా ఎవరు చేస్తారమ్మా?" అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"మీరేనండి."

తన తొలగింపు లెటర్, నెల గడువుతో, ఆమే టైప్ చేసింది. ఇచ్చినవారి దగ్గరా, అందుకున్నవారి దగ్గరా తనే సంతకం పెట్టింది. సుష్మితకు రాసిన లెటర్ చింపి బుట్టలో వేసింది.

మర్నాడు పొద్దున్నే ఐలయ్య ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మంజూష గారిని తొలగించడంపై యూనియన్ తీవ్ర అభ్యంతరం తెలుపుతున్నదని అందులో ఉంది. కింద ఇరవై తొమ్మిది సంతకాలు. సంతకం రాని ఒక ఆయా వేలిముద్ర కూడా ఉంది.

"ఏడు దినాలల్ల జవాబియ్యాలె గద మేడం," అన్నాడు. "ఏమని రాస్తరు?"

యూనియన్ తెచ్చిన ప్రతి కాగితానికీ ఆమె ఇన్నాళ్ళూ ఒకే వాక్యం రాసింది: మీ వాదన అంగీకరించలేము. ఇప్పుడూ ఆ వాక్యమే రాయాలి, లేకపోతే ప్రవీణ్ పోతాడు.

"రాస్తాను," అంది. "ఏడు రోజులుంది కదా, ఐలయ్య గారూ. ఆరు రోజులు ఈ కాగితం నా దగ్గర ఉంచుకోనివ్వండి."