అతుకు లేని బాట

పొద్దున్న ఏడింటికి గడ్డం గీసుకుని, కాఫీ కలిపి ఒక కప్పు భార్యకిచ్చి ఒకటి తను తాగి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో గేటు దాకా నడవడం టైలరుకి రోజూ ఉండే తతంగమే. గుమ్మానికీ గేటుకీ మధ్య ఇరవై రెండు అడుగులు. నాలుగు చినుకులు పడ్డాయంటే అదంతా జారుడుబండ. పదిహేను రోజుల కిందట అతని భార్య అక్కడే కాలుజారి కూలబడింది. ఎనిమిదో నెల. కడుపులో బిడ్డకేం కాలేదు గానీ, కాన్పయ్యేదాకా మంచం దిగడానికి వీల్లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. సాయానికి భార్య అక్కగారు వచ్చి ఉంటోంది.

"ఆసుపత్రికి వెళ్ళే రోజున నిన్ను మళ్ళీ ఆ బురదలో నడిపిస్తానా? సిమెంటు బాట వేసేస్తాను," అన్నాడు టైలరు.

"మేస్త్రీని పిలవండి," అంది భార్య.

"రెండు పక్కలా చెక్కలు పాతి మధ్యలో సిమెంటు పొయ్యడానికి మేస్త్రీ ఎందుకే? అదేమన్నా బ్రహ్మవిద్యా?"

ఎదురింట్లోనే ఉంటాడు మేస్త్రీ. పిలవకపోయినా వచ్చి గేటు మీద చేతులానించి నిలబడ్డాడు. "ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర. నీళ్ళు చూసి పొయ్యి. అన్నిటికంటే ముఖ్యం, పచ్చిగా ఉండగానే నాలుగడుగులకో గాడి కొయ్యి. తాపీతో అడ్డంగా గీత లాగితే చాలు. గాడి లేకపోతే బాట సాగుతుంది, తెలుసుగా?"

తెలియకేం. గాడి కొయ్యని బాట సాగుతుందని ఆ వీధిలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. మలుపింటాయన తను వేసుకున్న బాట మీద నల్ల మీసంతో పేపరు కోసం వెళ్ళి, అరగంటలో తెల్ల గడ్డంతో తిరిగొచ్చాడు. బయట గడియారానికి అరగంటే, నడిచినవాడికి ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడాయన వస్తే సొంత అన్నగారే లేచి కుర్చీ ఇస్తాడు. పాపం, పేపరు మాత్రం ఆ రోజుదే.

మనవాడు మర్చిపోయాడనుకునేరు, అదేం కాదు. ఇరవై ఏళ్ళుగా కుట్టు కనపడకుండా బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. నాలుగడుగులకో గీత అంటే అతని కళ్ళకి అతుకులేసిన చొక్కాలా తోచింది. మొదటిసారి కలిపింది నీళ్ళెక్కువై జారిపోయింది, రెండోది తాపీకి లొంగలేదు, మూడోదానికి చేతులు బొబ్బలెక్కాయి. అయినా మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మం నుంచి గేటు దాకా ఒకే గుడ్డ పరిచినట్టు నున్నగా మెత్తి లేచాడు. గాడి ఒక్కటంటే ఒక్కటి లేదు. చెప్పొద్దూ, కొత్తగా చేసినవాడికి అది గొప్ప పనే. వీధిలో వాళ్ళు ఆగి చూస్తుంటే అతని కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగో రోజున ఇంట్లో నున్నగా గీసుకున్న గడ్డం గేటు చేరేసరికి గరుగ్గా చేతికి తగిలింది. మెడలో టేపు తీసి కొలవబోతే నలభై అడుగులు దాటాక లెక్క తప్పిపోయింది. పక్కనున్న మట్టిలో నడిచి చూశాడు. బాట సాగుతుంటే మట్టి ఊరుకుంటుందా, అదీ సాగింది. ఇంటి వెనకేమో నిలువెత్తు గోడ.

ఆ రోజు అక్కగారు గేటు దగ్గర పాలు తీసుకుని లోపలికొచ్చేసరికి విరిగిపోయాయి.

"ఏమయ్యా మరిదీ, నువ్వు గాడి కొయ్యలేదు కదూ?" అంది ఆవిడ.

"మెల్లగా వదినా! మీ చెల్లెలికి చెప్పకండి, కంగారుపడుతుంది. నేను చూసుకుంటాగా."

చూసుకోవడమంటే షాపులో ఇంకో గడ్డం కత్తి పెట్టుకోవడం, అంతే.

మేస్త్రీ దారి కూడా చెప్పాడు. "తడపడం ఆపెయ్యి. రెండు ఎండలు కొట్టాయంటే అదే పగుల్తుంది. పగిలితే ఆగుతుంది. అంతదాకా ఎందుకు, సుత్తీ ఉలీ తెస్తాను, ఇప్పుడే నాలుగు దెబ్బలేద్దాం."

టైలరు బాట వంక చూశాడు. అద్దంలా ఉంది. దాన్ని పగలగొట్టడానికి మనసొప్పలేదు. "కాన్పుకి ఇంకా మూడు వారాలుందిగా. ఈ వారం పోనీ," అన్నాడు. ఎండ దెబ్బకి ఎక్కడ బీటలిస్తుందోనని గోనెసంచులు కప్పి రెండు పూటలా దగ్గరుండి తడిపాడు. తడిపినకొద్దీ సాగింది, ప్రతి పూటా ముందు పూటకి ఎన్నో రెట్లు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది.

"నొప్పులు మొదలయ్యాయి. టాక్సీ తెచ్చి గేటు దగ్గర పెట్టు. మేం బయల్దేరుతున్నాం," అంది వదిన.

"ఆగండి వదినా, ఆగండి..." అంటూనే ఉన్నాడు, ఫోను కట్టయింది.

రెండున్నరకి టాక్సీ వచ్చి ఆగింది. టైలరు గేటు తీసి చూశాడు. అవతల గుమ్మం చొక్కా గుండీ అంత ఉంది. దాని ముందు రెండు నలుసులు కదులుతున్నాయి.

ఎదురింటి నుంచి మేస్త్రీ ఉలీ సుత్తీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పగలగొడితే ఇంక సాగదు. సాగింది మాత్రం తగ్గదు. వాళ్ళు నడవాల్సిందే."

టైలరు ఉలి లాక్కుని తనే కొట్టాడు. నాలుగో దెబ్బకి బాట ఈ అంచు నుంచి ఆ అంచుకి బీటలిచ్చింది.

"ఇంక వెళ్ళు. ఎదురెళ్ళి పట్టుకో," అన్నాడు మేస్త్రీ.

టైలరు ఒక కాలు బాట మీద పెట్టాడు. మలుపింటాయన తెల్ల గడ్డం కళ్ళ ముందు కదిలింది. భయమేసింది, ఒళ్ళంతా పాకే భయం. పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"టాక్సీ దగ్గర ఒకరుండాలి కదా," అన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

రెండూ ముప్పావుకి దూరం నుంచి భార్య కేక వినపడింది. ఆ వెంటనే పసిబిడ్డ ఏడుపు. టైలరు గేటు కమ్మీ పట్టుకుని కూలబడి ఏడ్చాడు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియలేదు. కళ్ళు తుడుచుకునేలోగా ఏడుపు ఆగి కిలకిల నవ్వు వినిపించింది. మూడయ్యేసరికి "పెద్దమ్మా, పెద్దమ్మా" అని ముద్దుముద్దుగా పిలుపు. ఆడపిల్లే. మూడుంబావుకి ఆ గొంతు అంకెలు లెక్కపెడుతోంది. వందకి చేరి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెడుతోంది. "చిట్టితల్లీ! నేనిక్కడున్నానే!" అని టైలరు గొంతు చించుకుని అరిచాడు. లెక్క ఆగలేదు.

మూడున్నరకి వాళ్ళు గేటు చేరారు. ముందు ఆరేళ్ళ పిల్ల, తల్లి చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. తల్లి చెంపలు నెరిశాయి, ఒక కాలు ఈడుస్తోంది. వెనక అక్కగారు నడుం మీద చెయ్యేసుకుని ఒగరుస్తోంది. టైలరు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు.

పిల్ల ఆగి తలెత్తి చూసింది. "అమ్మా, ఈయనెవరు?"

తల్లి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. ఎప్పుడో ఎరిగిన మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది.

"ఈ బాట వేసినాయన," అంది.

"ఓహో," అంది పిల్ల. మర్యాద తెలిసిన పిల్ల. "కొంచెం పక్కకి తప్పుకోండి అంకుల్, అమ్మకి కాళ్ళు నొప్పులు."

టైలరు పక్కకి తప్పుకున్నాడు.