బర్రెకింత జాగా

తెల్లవారుజామున పాల బకెట్ పట్టుకొని కొట్టంలోకి వెళ్లిన శోభారాణి గడపలోనే ఆగిపోయింది. బర్రె రాత్రే చచ్చిపోయింది. గొంతు వాచి, గురక పెట్టి పెట్టి పోయింది. దగ్గరుండి చూసింది తనే. అయినా అలవాటుగా పాలు పిండడానికి వచ్చేసింది! నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే అర్థం కాలేదు. బకెట్ అక్కడే పెట్టాలో, ఇంట్లోకి తీసుకుపోవాలో కూడా తేలక కాసేపు అట్లాగే నిలబడింది.

నిన్న పశువుల డాక్టరు వచ్చినప్పుడే చెప్పాడు. "అంటురోగమమ్మా. పోతే మాత్రం తోలు తియ్యనియ్యకున్రి, వాగుల పడెయ్యకున్రి. బాయికి దూరంగ, మీ చెలకలనే లోతుగ గుంత తీపిచ్చి, సున్నం పోసి పూడ్చున్రి" అన్నాడు.

అదే మాట రాత్రి చెబితే భర్త సదానందం కస్సుమన్నాడు. "మిర్చి పెట్టిన భూమిల పీనుగను పెడ్తవా? అది నా భూమి, బొందలగడ్డ కాదు. ఊరోళ్లు ఏడ ఏస్తాండ్లు? వాగులనే." తెల్లారక ముందే ట్రాలీ మాట్లాడుకొస్తానని ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు.

"మగోడు చెప్పినంక నీకేం ఫికరే? జర చాయ్ పెట్టు" అంది అత్త మొగిలమ్మ. శోభారాణి పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టాక గానీ ఇంట్లో పాలు లేవని గుర్తు రాలేదు.

పక్కింటి సోమక్క బర్రెలు రోజూ ఆ వాగులోకే దిగుతాయి. ముందే చెబితే మొగుడి పరువు తీసినట్టవుతుంది. చెప్పకపోతే రేపు సోమక్క మొహం ఎట్లా చూడాలి? పేడ ఎత్తాల్సి వస్తే సదానందం 'నీ బర్రె' అనేవాడు. డెయిరీ పైసలొస్తే 'మన బర్రె' అనేవాడు. ఇప్పుడేమో 'నా భూమి' అంటున్నాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఎవరడిగినా 'మా చెలక' అనే చెప్పుకుంది తను. నారు నాటింది, కలుపు తీసింది, కాయలు ఏరి ఏరి మండే చేతులతో అన్నం కలుపుకోలేక చెంచాతో తింది. అందులో ఒక బర్రెకింత జాగా చూపించే హక్కు తనకుందా, లేదా? ఎవరినడగాలి? అసలు అడగాలనుకోవడమే తప్పా? భయం వేసింది. కోపమూ వచ్చింది. చాయ్ నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

పొయ్యి ఆర్పి చెలకకు నడిచింది. బావికి దూరంగా, ఎత్తు మీద, మొన్న తను నాటిన మిరప మొక్కలు అప్పుడే పచ్చబడుతున్నాయి. వంగి ఒకటి పీకింది. ఇంకోటి పీకింది. చేస్తున్నది ఒప్పో తప్పో ఇప్పటికీ తెలియదు. అయినా ఆగలేదు. బర్రె పట్టేంత మేర ఖాళీ చేసి, ఊళ్లో జేసీబీ నడిపే వీరభద్రానికి ఫోన్ చేసింది.

"గుంత తియ్యాలె వీరభద్రం. లోతుగ. మా బర్రె పోయింది."

"అయ్యో! ఏడ తియ్యాలె వదినా?"

"మా చెలకల."

వీరభద్రం గొంతు తగ్గించాడు. "అన్న చెప్పిండా?"

దూరంగా రోడ్డు మీద ట్రాక్టర్ చప్పుడు. ట్రాలీ తెస్తున్నది తన మొగుడేనేమో.

"అన్న చెప్పలే" అంది శోభారాణి. "నేను చెప్తున్న. జల్ది రా."