జానెడే తగ్గిన నీరు

పెళ్లయి పదిరోజులే. బావుల్లో నీరు కొలిచే మా ఆయన వెంట ఆయన మేనత్త పొలానికి వెళ్లాను. నేను టేపు పట్టి అంకె చదవడం, ఆయన రాసుకోవడం, అదే నాకు పండగ. నీరు చాలుతుందని ఆయన రాస్తేనే అత్తకు పండ్లతోట అనుమతి వస్తుంది. రోజంతా మోటారు తోడినా బావిలో జానెడే తగ్గింది.

పక్క రైతు నవ్వాడు. "ఎందుకు తగ్గుతుందమ్మా? మీ అత్త బతిమాలి మూడురోజులుగా మా మోటార్లన్నీ ఆపించింది."

మర్నాడు ఆయన అవన్నీ వేయించి మళ్లీ కొలిచారు. మధ్యాహ్నానికి బావి అడుగు రాళ్లు తేలాయి. తోటకు పనికిరాదని రాశారు.

"కళ్లు మూసుకుని రాస్తే నీ సొమ్మేం పోయేదిరా?" అంది అత్త.

"మొక్కలెండాక ఏడవడం కంటే నయం కదత్తా."

"అప్పటిదాకా ఆశైనా ఉండేది."

భోజనాల వేళైంది. అత్త మమ్మల్ని ఇంట్లోకి రమ్మనలేదు.