జల్లెడ పడని నేల

మాబు సాహెబ్ కర్రతో పేడకడిని తిరగేశాడు. కింద నేల నున్నగా ఉంది. పక్కదాన్ని తిరగేశాడు. అదీ అంతే. పన్నెండోదానికి నడుం పట్టేసింది. పేడపురుగులు ఈ చేనంతటికీ కలిపి ఒకేచోట దిగాయేమోనని ఓ పిచ్చి ఆశతో పదమూడోదీ తిరగేశాడు.

వినుకొండ చుట్టూ మిరప చేలల్లో నలభై ఏళ్లుగా ఎరువు కోసం ఆవుల మంద కడుతున్నాడు. మూడు రాత్రులు మంద ఒకచోట పడుకుంటుంది. నాలుగో పొద్దున రైతు వచ్చి పేడ కింద చూస్తాడు. పేడపురుగులు ఎరువును లోపలికి లాక్కుపోయి నేలను జల్లెడ చేసి ఉంటే, మందకు చేలో పక్కచెక్క చూపిస్తాడు. లేకపోతే అంతే సంగతులు, మంద లేచిపోవాల్సిందే. ఈ ఏడు అతన్ని పిలిచిన చేను ఇదొక్కటే. మిగతావాళ్లు కోళ్ల ఎరువు లారీల్లో దించుకున్నారు.

చేను రైతు ప్రభు వచ్చి పేడను కాలితో తన్నాడు. అది చెక్కలా దొర్లింది.

"బాబాయ్, ఇది ఎరువా, అప్పడాలా?"

ఇద్దరూ నవ్వలేదు. వెంట వచ్చిన ప్రభు కూతురు స్తుతి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆవులకు మందేమైనా వేశావా అని అడిగింది. పిడుదులు పోవాలని సూది వేయించానని మాబు గర్వంగా చెప్పాడు. ఊళ్లో అందరూ ఒక్కటి వేయిస్తే, తను పదిహేను రోజులకు రెండోదీ వేయించాడట. ఎలా నిగనిగలాడుతున్నాయో చూడమన్నాడు.

"ఆ మందు పేడలోకి దిగుతుంది తాతా. తిన్న పురుగు బతకదు."

మాబు ఆవుల వైపు తిరిగాడు.

"సూది వేసేటప్పుడు ఒక్కోదాని తల నేనే పట్టుకున్నానమ్మా."

ప్రభు పక్కచెక్క వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. నాటాల్సిన నారు ఆగదు బాబాయ్ అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నానికి మాబు మంద గుంజలు పీకేశాడు. ఆవుల్ని తోడల్లుడి కొట్టానికి తోలేసి, పిడుగురాళ్లలో సున్నం బట్టీకి కాపలా పోతానన్నాడు. సున్నానికి పేడతో పనిలేదు.

మందలో చివరగా కదిలింది చూలు ఆవు. భయమేసి దానికొక్కదానికే సూది వేయించలేదు. గట్టు ఎక్కబోతూ అది పేడ వేసింది. మాబు ఆగాడు. నెత్తిమీది గంప దించి, సామాను మూట కట్టుకుని, ఖాళీ గంపను ఆ పేడ మీద బోర్లించాడు. పురుగుకి దారుండాలని ఒక అంచు కింద రాయి పెట్టాడు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ప్రభు ట్రాక్టరు చేనంతా దున్ని, అక్కడికొచ్చి పక్కకు తిరిగింది. ఎర్రటి చాళ్ల మధ్య, దున్నని జానెడు నేల మీద, ఓ పక్క కాస్త లేచి ఆ గంప.