అడిగిన వాన

గున్నమ్మ మడిలోంచి మొదటి దోసెడు ఉప్పు తీసి గట్టు మీద పోసింది. నౌపడ ఉప్పు మడుల్లో దిగేవాళ్ళెవరైనా ముందు ఊరి దేవత తల్లి పేర అలా పోసి, వాన రావద్దని మొక్కుకోవాల్సిందే. కుప్పలు కరిగితే తిండి కరిగినట్టే. ఈవేళ ఆమెకు మొక్కే ఓపిక లేదు, దెబ్బలాడే ఓపికే ఉంది.

"ఏటే తల్లీ, సెవుడేటి నీకు? మా మావ ఒల్లు బాగుసెయ్యమని ఎన్నిపాల్లు అడిగినాను? ఇన్నావా?"

పొడవాటి కర్రపలకతో ఉప్పును గట్టుకు లాగడం మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళలో నాని పగిలిన పాదాలు చురుక్కుమంటున్నాయి. ఇంటి దగ్గర మంచంలో మొగుడు గంగులు. సత్తువున్నన్నాళ్ళూ ఈ మడుల్లోనే పనిచేశాడు. కిడ్నీలు పాడయ్యాక ఉప్పు తినకూడదన్నారు, దాహమేసినా గుక్కెడు నీళ్ళకు మించకూడదన్నారు. ఇక లాభంలేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున్న బయలుదేరుతుంటే అతను అడిగాడు. "ఒసే, నీల్లెలాగూ తాగనివ్వరు. ఓపాలి వానలో తడవాలనుందే."

"వానొస్తే ఉప్పేటయిపోద్దో తెల్దా నీకు?" అని కసిరి వచ్చేసింది. బతుకంతా వాన వద్దని మొక్కిన మనిషి ఆఖరికి వానే కోరాడు. ఎందుకు కసిరానా అని పొద్దున్నుంచీ తనను తానే తిట్టుకుంటోంది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి పలక పడేసి, గట్టు మీది ఉప్పు ముందు చతికిలబడింది.

"సరే, బతికించొద్దులే. వానియ్యి. అదైనా నీ సేతనవుద్దా?"

పక్క మడిలో దేముడమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, ఏటే ఆ మొక్కు! మా అందరి నోట్లో మట్టి కొడతావేటే?"

"నాను అడిగీసినాను. ఇంక ఆయమ్మ ఇట్టం."

పొద్దు వాలకముందే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఆడవాళ్ళంతా కుప్పలు కప్పడానికి తాటాకులతో పరుగెత్తారు. గున్నమ్మ మొదట దేముడమ్మ కుప్పను కప్పింది. తన కుప్ప వైపు చూసి, "పోతే పో" అని ఇంటిదారి పట్టింది.

దారిలోనే వాన దంచేసింది. "వచ్చినావులే ఇన్నాల్లకి!" అని తిడుతూ ఏడుస్తూ పరుగుపెట్టింది.

గంగులు మంచం దిగి, దేక్కుంటూ వాకిట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం ఆకాశం వైపు ఎత్తి ఉంది. తెరిచిన నోటి నిండా వాననీళ్ళు.

"మావా, లెగు" అని కదిపింది. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. అతను లేవలేదు.

"ఇదొక్కటీ ఇన్నావేటే తల్లీ" అంది. కోపం ఇంకా పోలేదు. చేతులు మాత్రం వాటంతటవే జోడించుకున్నాయి.

చూరు కింద, గడప మీద అతని చొక్కా ఉంది. విప్పి, మడతపెట్టి పెట్టుకున్నాడు, తడిసి వచ్చాక తొడుక్కోవడానికి.