తడి కంబళి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆ తల్లికి ఒక్కతే కూతురు. ఏడేళ్లది. క్షణం కుదురుండదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కోపమొస్తే మాత్రం పిచ్చుక కాదు, పులే. పుస్తకాలు విసురుతుంది, కరుస్తుంది. బడివాళ్లు రెండుసార్లు ఇంటికి పంపేశారు.

"మా ఆఫీసులో ఒకావిడ కొడుకు ఎవరో చేసిన చికిత్సతో మూడు వారాల్లో మారిపోయాడట వదినా," అంది ఆడపడుచు. "ఒకసారి చూపిస్తే పోయేదేముంది?"

మర్నాడే పిల్లని తీసుకుని ఇద్దరూ వెళ్లారు. మెట్ల పైన లైట్ల బోర్డు వెలుగుతోంది.

చికిత్స చేసే మనిషి తెల్లకోటు తొడుక్కున్నాడు. మాట తేనె. తడి కంబళిలో పిల్లని బిగించి చుట్టి, పైన దిండ్లతో అదిమితే కోపం దిగిపోతుందన్నాడు. "ఎంత ఏడ్చినా మీరు లోపలికి రాకూడదమ్మా. మీ జాలే పిల్లకి జబ్బు."

తలుపు మూశారు.

"అమ్మా! వద్దమ్మా!"

తల్లి లేచింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "కాస్త ఓర్చుకో వదినా." ఓర్చుకుంది. ఆ ఓర్పుని ఆమె ఇవాళ్టికీ తిట్టుకుంటుంది.

అరుపు మూలుగయింది. మూలుగూ ఆగింది.

"చూశారా, శాంతించింది," అంటూ తెల్లకోటు బయటికొచ్చాడు.

ఆమె అతణ్ణి తోసుకుని లోపలికి పరుగెత్తింది. కంబళి పట్టుకోగానే దాని బరువు తెలిసింది. తడిసిన కంబళి ఎత్తాలంటే లాండ్రీలో ఇద్దరు మగాళ్లు కావాలి. అది ఏడేళ్ల పిల్ల గుండెల మీద! లాగి విప్పింది. పెదాలు నీలం. వీపు చరిచింది, పేరు పెట్టి పిలిచింది. ఎప్పటికో ఒక దగ్గు, వెనకే ఏడుపు.

"ఇంకో ఐదు నిమిషాలు ఆగుంటే జబ్బు పూర్తిగా పోయేది," అన్నాడు తెల్లకోటు.

"పిల్లే పోయేది!" అందామె.

అట్నుంచటే ఆస్పత్రికి తీసుకెళ్తే, పిల్లల డాక్టరమ్మ పరీక్షించి పెదవి కొరుక్కుంది. "దీనివల్ల నయమవుతుందనడానికి ఎక్కడా రుజువు లేదు. ఊపిరాడక ప్రాణాలే పోతాయి. పాపకేముందో నెమ్మదిగా చూద్దాం, టైం పడుతుంది."

"మరి వాడు బోర్డు పెట్టుకుని ఎలా చేస్తున్నాడు? అడిగే నాథుడే లేడా?"

ఇంట్లో ఆడపడుచు కళ్లొత్తుకుంది. "నీ మంచికే చెప్పాను వదినా."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. మనిద్దరం ఏడుస్తున్నాం. వాడు మాత్రం నవ్వుతూ ఇంకో పిల్లని చుడుతున్నాడు."

పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చింది. "విచారిస్తాం," అన్నారు. వారం తర్వాత వెళ్తే మళ్లీ అదే మాట. బోర్డు అక్కడే వెలుగుతోంది.

ఆ సోమవారం పనికి సెలవు పెట్టి, నేరుగా వెళ్లి చికిత్స గది తలుపుకి అడ్డంగా, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎదురు కుర్చీలో ఒక తండ్రి, ఒళ్లో చిన్న పాప.

"లోపల నా కూతురికి ఊపిరాడకుండా చేశారయ్యా. దాని పెదాలు నీలంగా అయిపోవడం ఈ కళ్లతో చూశాను."

"పిచ్చిది, పట్టించుకోకండి," అన్నాడు తెల్లకోటు. తండ్రి అతని మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. పాపని భుజానేసుకుని మెట్లు దిగిపోయాడు.

"లేస్తావా, పోలీసుల్ని పిలవనా?"

"పిలువు. నేను రెండుసార్లు పిలిస్తే రాలేదు. నువ్వు పిలిస్తే వస్తారేమో!"

అరగంటలో వచ్చారు. ఆమె లేవలేదు. "ముందు ఈ గది చూడండి," అంది. "తర్వాత నన్నెక్కడికైనా తీసుకెళ్లండి."